పీఎస్4లోనూ సెల్ చిప్పే ఉంచి ఉంటే బాగుండేదా?

ప్రశ్న: సోనీ గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 3 (పీఎస్3)లోని సెల్ ప్రాసెసర్‌నే ఇంకా పెంచి పీఎస్4 చేసి ఉంటే స్పీడూ ఉండేది, పాత డిస్కులూ ఆడేవి కదా?

బాగుండేది కాదు. ఆ చిప్ మీద ప్రోగ్రాం రాసి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

2009లో విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతుండగా మా బాబాయి అమెరికా నుంచి పీఎస్3 తెచ్చాడు. అప్పట్లో అందులో లైనక్స్ (కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకునే వీలుండేది; 2010 ఏప్రిల్ అప్‌డేట్‌తో సోనీ తీసేసింది. పటమటలో మేడ మీద గదిలో కూర్చుని, ఫొటోను మసకగా చేసే చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టాను. మామూలు కంప్యూటర్ మీదైతే ఒక సాయంత్రం పని. దీని మీద మూడు వారాలు పట్టింది.

సెల్‌లో ఒక పెద్ద కోరు (చిప్‌లో లెక్కలు చేసే భాగం), దాని చేతికింద ఎనిమిది చిన్న కోర్లు ఉంటాయి. పీఎస్3లో ఏడే పనిచేస్తాయి, లైనక్స్‌కి దక్కేవి ఆరే. ఒక్కోదానికి సొంత మెమరీ 256 కేబీ. ప్రోగ్రాం, డేటా రెండూ అందులోనే సర్దుకోవాలి. బయటున్న మెమరీ నుంచి సరుకంతా మనమే, విడతకు 16 కేబీ మించకుండా, మోసుకొచ్చి పెట్టాలి. లెక్క కాస్త తప్పితే తెర మీద ‘బస్ ఎర్రర్’ అని రెండు ముక్కలు, అంతే. నా ఫొటోలో వరసకు 3000 బైట్లు. సరుకు కదిలేది 16 బైట్ల లెక్కన; 3000ను 16తో భాగిస్తే 8 మిగులుతుంది. ఆ ఎనిమిదిని కనిపెట్టడానికే వారం పోయింది! ప్రతి వరస చివరా 8 ఉత్తుత్తి బైట్లు అతికిస్తే అప్పుడు కదిలింది. కదిలాక మాత్రం పరుగే పరుగు, అది ఒప్పుకోవాలి.

ఈ బాధ నాలాంటి కుర్రాడికే కాదు. పీఎస్4 రూపశిల్పి మార్క్ సెర్నీ 2013లో ఒక లెక్క చెప్పారు: కొత్త మెషీన్ మీద తెరపై తొలి బొమ్మ తెప్పించడానికి పీఎస్1లో ఒకటి రెండు నెలలు, పీఎస్2లో మూడు నుంచి ఆరు, పీఎస్3లో ఆరు నుంచి పన్నెండు. పీఎస్4తో మళ్లీ ఒకటి రెండు నెలలకు దించారు.

పీఎస్4కి ఇంకో డిజైన్ కూడా చూశారట: సెకనుకు 88 జీబీ ఇచ్చే పెద్ద మెమరీ, పక్కనే 1000 జీబీ ఇచ్చే బుల్లి మెమరీ. బీసెంట్ రోడ్డులో బుల్లి షాపు, సరుకంతా గొల్లపూడి గోడౌన్‌లో ఉన్నట్టన్నమాట. షాపులో ఉన్నది అడిగితే చిటికెలో ఇస్తారు, లేనిది అడిగితే కుర్రాణ్ణి బండి మీద పంపాలి. చివరికి అన్నీ ఒక్కచోటే ఉండే, సెకనుకు 176 జీబీ ఇచ్చే మెమరీనే ఎంచుకున్నారు. నేనైనా అదే చేసేవాణ్ణి.

సెల్‌కి బలం లేదని కాదు. గేమ్‌లు తయారుచేసే యూబీసాఫ్ట్ వాళ్లు, ఒకేసారి ఎంతమంది డాన్సర్ల బట్టల కదలికలు లెక్కకట్టగలవో పోల్చి చూస్తే పీఎస్3 సెల్ మీద 105 మంది వచ్చారు, పీఎస్4 ప్రాసెసర్ మీద 98 మందే. అదే పని పీఎస్4 గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తే 1600 మంది! ఇక సెల్‌ను పెంచడం దేనికి?

పాత డిస్కుల సంగతి మాత్రం నాకూ గుచ్చుకుంటుంది. పీఎస్2 డిస్కులు ఆడేలా తొలి పీఎస్3ల్లో పీఎస్2 చిప్ కూడా పెట్టి, ఖర్చు తగ్గించడానికి తర్వాత తీసేశారు. పీఎస్4లో సెల్‌ను అలా ఇరికిస్తే ధర ఎక్కడికో పోయేది. నా దగ్గరున్న పీఎస్3 డిస్కులు ఆడాలంటే ఇప్పటికీ మేడ మీదకెళ్లి బాబాయి పెట్టె దుమ్ము దులపాల్సిందే.