విశాఖలో కొన్న గ్రాఫిక్స్ కార్డుకు రాయగడలో కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అబ్బాయి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నాలుగు డబ్బులు సంపాదించుకుంటాడు. ఈమధ్య విడిభాగాలు తెప్పించుకుని కంప్యూటరు తనే బిగించుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం విశాఖపట్నంలోని ఒక షాపు 31,500 రూపాయలు తీసుకుని కొరియర్‌లో పంపింది. పన్ను కలిసొస్తుందని బిల్లు మా తమ్ముడి ఫ్యాన్సీ షాపు జీఎస్టీ నంబరు మీద తీసుకున్నాం. డబ్బు నేనే ఫోన్‌పేలో కట్టాను. మూడో వారానికే స్క్రీన్ మీద రంగు చారలు మొదలయ్యాయి, ఆ తర్వాత ‘నో సిగ్నల్’. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రాదు. కార్డు వెనక్కి పంపితే, ‘బోర్డు మీద గీత పడింది, మీవాడు బిగించేటప్పుడు చేసిందే, వారంటీ వర్తించదు, నాలుగు వేలు కడితే రిపేరు చేయిస్తాం’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’, ‘వివాదాలు విశాఖపట్నం కోర్టుల పరిధిలోనే’ అని అచ్చు వేసి ఉంది. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో మా దగ్గర ఉంది. కేసు కోసం విశాఖ తిరగాలా?

జవాబు: తిరగనక్కర్లేదు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకుంటున్న చోట కేసు వేయొచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కాబట్టి రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్ మీకు సరిపోతుంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉన్న వివాదాలన్నీ జిల్లా కమిషన్‌కే వెళ్తాయి, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. బిల్లు మీద షాపువాళ్లు తమంతట తాము అచ్చు వేసుకున్న వాక్యం చూసి ఆగిపోకండి, చట్టం ఇచ్చిన హక్కును అది తీసేయలేదు. ‘వాపసు తీసుకోబడదు’ అన్నదీ అంతే. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది.

నాకు బెంగ కలిగించింది కోర్టు పరిధి కాదు, ఆ జీఎస్టీ నంబరు. 18 శాతం పన్ను మిగులుతుందని చాలా ఇళ్లలో చేసే పనే ఇది. కానీ కేసులోకి వచ్చేసరికి అవతలి వకీలు మొట్టమొదట పట్టుకునేది దీన్నే: ‘కొన్నది ఒక వ్యాపార సంస్థ, వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు’ అంటాడు. మీ అబ్బాయి వరకు జవాబు ఉంది. సొంతంగా పని చేసుకుంటూ దాని మీదే బతకడానికి కొన్న వస్తువు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదని 2(7) సెక్షన్ వివరణే చెబుతోంది. పైగా కొన్నవారి అనుమతితో వాడుకునేవారూ వినియోగదారులే. లీలావతి ట్రస్టు కేసులో 2019లో సుప్రీంకోర్టు కూడా కొనుగోలు వెనక ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలంది.

మీ తమ్ముడి షాపు ఆ కార్డు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే, అంటే దాని మీద కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకుని ఉంటే మాత్రం కథ మారుతుంది. ఒక ఆఫీసుకు షాపు కోసం కొన్నామని చెప్పి, ఇంకో చోట ఇంటికోసం కొన్నామని ప్రమాణం చేయలేరు. ముందు టాక్స్ కన్సల్టెంటుతో మాట్లాడి ఆ క్రెడిట్ రివర్స్ చేయించండి, దాన్ని వాడేసుకుని ఉంటే వడ్డీతో సహా. ఆ తర్వాత మీ తమ్ముడు, మీ అబ్బాయి కలిసి ఫిర్యాదుదారులుగా ఉండాలి. నంబరు ఎందుకిచ్చారో, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందో ఫిర్యాదులో మీరే రాసేయండి. దాచిపెడితే అవతలివాళ్లు బయటపెడతారు, అప్పుడు మిగతా మాటలన్నీ తేలిపోతాయి.

ఇక కార్డు సంగతి. లోపం ఉందని చూపించే భారం ముందు ఫిర్యాదుదారుదే. ఎస్‌జీఎస్ ఇండియా కేసులో 2021లో సుప్రీంకోర్టు సేవాలోపం గురించి ఈ మాటే చెప్పింది. అందుకని మీ అబ్బాయిని కూర్చోబెట్టి కొన్ని అడగండి. మానిటర్ వైరు కార్డుకే తగిలించాడా, మదర్‌బోర్డుకా? కార్డుకు విడిగా ఇవ్వాల్సిన కరెంటు కనెక్టరు పూర్తిగా కూర్చుందా? పవర్ సప్లై కార్డు కంపెనీ సూచించినన్ని వాట్లదేనా, పాత డబ్బాలోంచి పీకి పెట్టిందా? అన్నిటికంటే ముఖ్యం, అదే కార్డును వేరే కంప్యూటర్లో పెట్టి చూశాడా? అక్కడ బొమ్మ వచ్చి ఉంటే లోపం మీ ఇంట్లోనే ఉన్నట్టు, కేసు మాట మరిచిపోండి. అక్కడా రాకపోతే, ఆ కంప్యూటరు యజమాని చేత ఏ తేదీన చూశారో, ఏం కనిపించిందో ఒక అఫిడవిట్ ఇప్పించండి. మీ కంప్యూటర్లో వేరే కార్డు పెడితే పనిచేస్తోందా అన్నదీ చూడండి. ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ అని ఉంటే చాలావాటిలో సొంత గ్రాఫిక్స్, అంటే కార్డు లేకుండా బొమ్మ చూపే ఏర్పాటు, ఉండవు, కార్డు తీసేసి మదర్‌బోర్డుకు వైరు పెట్టి ‘బొమ్మ రాలేదు’ అంటే అది దేనికీ రుజువు కాదు.

గీత గురించి. విప్పేటప్పుడు తీసిన వీడియోలో కార్డు వెనకవైపు, సీరియల్ నంబరు స్టిక్కరు కనిపిస్తున్నాయా? కనిపిస్తే అది మీకు పెద్ద ఆసరా. ఆ ఫైలు తీసిన ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గిపోయి, అసలు గీత ఉండాల్సిన చోటే మసకబారుతుంది. పెన్‌డ్రైవ్‌లో దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి, వాయిస్ మెసేజ్‌కూ అదే. గీత ఉన్నంత మాత్రాన షాపువాళ్లు గెలిచినట్టూ కాదు. పైపైన పడిన గీతకూ, సర్క్యూట్ దారిని తెంపిన గీతకూ తేడా ఉంది. ఏది ఎక్కడ తెగిందో కంపెనీ సర్వీసు సెంటరు కాగితం మీద రాసివ్వాలి. కౌంటర్లో కూర్చున్న కుర్రాడు ఫోన్లో చెప్పేది రిపోర్టు కాదు.

ఆ నాలుగు వేలు మాత్రం ఇప్పుడే కట్టకండి. బయటివాళ్లు ఒక్కసారి టంకం పెట్టారంటే, లోపం ముందే ఉందా తర్వాత వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు. ‘కార్డును ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి, వారంటీ నిరాకరణ కారణం, సర్వీసు సెంటరు రిపోర్టు, ఫోటోలు రాతపూర్వకంగా పంపండి’ అని షాపుకు, వారంటీ ఇచ్చిన కంపెనీకి లేదా దిగుమతిదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. 15 రోజుల గడువు చాలు. నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు గానీ, జవాబు రాకపోవడం కూడా మీకు పనికొస్తుంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా కంపెనీలు ఆ దశలోనే కార్డు మార్చి ఇచ్చేస్తాయి, షాపులు అంత తొందరగా కదలవు.

కదలకపోతే షాపును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి కేసు వేయండి. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. కమిషన్ నోటీసు అందాక జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు, అంతకు మించి గడువు లేదు. పరీక్ష చేయిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ కార్డును ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు ముందు మీరే జమ చేయాలి. అలాంటి కేసు 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. పరిహారంగా లక్షలు అడగకండి. కార్డు మార్చడం లేదా 31,500 వాపసు, చేజారిన ఆర్డర్లకు రుజువు ఉంటే ఆ మొత్తం, ఖర్చులు, ఇంతే అడిగితే కమిషన్ మీ మాట శ్రద్ధగా వింటుంది.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు, చారలు మొదలైన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. షాపువాళ్ల వాయిస్ మెసేజ్ తెలుగులో ఉంటే, అందులోని మాటలన్నీ కాగితం మీద రాసి ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం జతపరచండి, అక్కడి సభ్యులకు తెలుగు రావాలని లేదు.