ఇంట్లో ఎవరికీ లేని జబ్బు తమ్ముడికి ఎలా వచ్చింది? జెనెటిక్స్ చదవనా?

ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్నాను. తమ్ముడికి సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉంది, అమ్మానాన్నలకు లేదు. డీఎన్ఏ కాపీ అయ్యే పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నా, జబ్బు వాడికెలా వచ్చిందో మాత్రం అర్థం కాలేదు. జెనెటిక్స్ చదవాలని ఉంది, ఇంట్లో డాక్టర్ కోర్సే చేయమంటున్నారు.

జవాబు: చూడమ్మా, ముందు నీ సందేహం తీరుద్దాం, కోర్సు సంగతి అందులోంచే వస్తుంది.

కణం రెండుగా చీలేముందు డీఎన్ఏ పోగులు రెండూ విడివడి, ఒక్కోదానికి ఎదురుగా కొత్త పోగు తయారవుతుంది, డీఎన్ఏ అక్షరాల్లో ‘ఏ’కి ‘టీ’, ‘జీ’కి ‘సీ’ జత కలుస్తూ. మనిషి కణంలో దాదాపు 600 కోట్ల జతలు ప్రతిసారీ ఇలా కాపీ కావాలి. ఈ కాపీ చేసే ఎంజైము పాలిమరేజ్ తప్పు అక్షరం పెడితే వెనక్కి వచ్చి తనే తీసేస్తుంది, అప్పటికీ మిగిలినవాటిని వేరే ఎంజైములు సరిచేస్తాయి. ఇవన్నీ దాటుకుని ఎప్పుడో ఒకటి మిగిలిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. తమ్ముడి ఒంట్లో కొత్తగా కాపీలో తప్పు పడలేదు. ఆ తప్పు ఎన్నో తరాల కిందట ఎవరి అండంలోనో వీర్యకణంలోనో పడింది, తర్వాతి కాపీలో దానికి సరిజోడు అక్షరం కూడా ఎదురుగా చేరిపోయింది, ఇక సరిచేసే ఎంజైములకు అది తప్పులా కనపడదు కాబట్టి అప్పట్నుంచి ఉన్నదున్నట్టు కాపీ అవుతూ వస్తోంది. అదే చర్మంలో పడిన తప్పయితే ఆ మనిషితోనే పోయేది.

ఎంత చిన్న తప్పో చూడు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్ జన్యువులో ‘జీఏజీ’ ఉండాల్సిన చోట ‘జీటీజీ’. అంతే. దాంతో ప్రోటీన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు వేలీన్ అనే మరోటి వచ్చి కూర్చుంటుంది (1957లో శాస్త్రవేత్త వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నది దీన్నే), ఆక్సిజన్ వదిలేశాక హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఈ జబ్బులో వచ్చే ఆ విపరీతమైన నొప్పులు అందుకే.

అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఆ జన్యువుకు ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి ఉండి ఉంటాయి. మంచిది ఒక్కటున్నా ఒంటికి సరిపోతుంది. రెండు చెడ్డవీ ఒకే బిడ్డకు చేరే అవకాశం ప్రతి కాన్పులోనూ 25 శాతం. నీకు జబ్బు లేదంటే నువ్వు క్యారియర్ (జబ్బు లేకుండా ఒక చెడ్డ ప్రతిని మోసే మనిషి) అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు, టెన్షన్ పడకు, రక్తపరీక్షతో తేలిపోతుంది.

ఇక చదువు. ‘నా వల్లే వచ్చిందా’ అని ఏడ్చే తల్లి ఎదురుగా కూర్చుని ఇదంతా ఓపిగ్గా చెప్పగలను అనిపిస్తే జెనెటిక్ కౌన్సెలింగ్ చూడు, నా దృష్టిలో దానంత విలువైన పని తక్కువ. కనిపెట్టడం ఇష్టమైతే ల్యాబ్, లేదంటే జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్. దానికి స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ తప్పవు, లెక్కలంటే పడదంటే కుదరదు. డాక్టర్ కోర్సు చేసినా తర్వాత మెడికల్ జెనెటిక్స్‌లోకి రావచ్చు, అందుకని ఇంట్లో గొడవ పెట్టుకోకు. 2023లో సికిల్ సెల్‌కు అనుమతి వచ్చిన జీన్ ఎడిటింగ్ చికిత్స ఆ ఒక్క అక్షరాన్నీ దిద్దదు, పుట్టకముందు ఒంట్లో ఉండే హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేస్తుంది. దాని వెనక డాక్టర్లూ ఉన్నారు, పేషెంటును ఎప్పుడూ చూడని పరిశోధకులూ ఉన్నారు.

ఈ వారం అమ్మానాన్నలతో కూర్చుని మూడు తరాల వంశవృక్షం గీయి, ఎవరికి ఏ జబ్బులున్నాయో పక్కన రాసుకో. అమ్మ తనని తాను తిట్టుకుంటుంటే, పైన తప్పు ఎప్పుడు పడిందో చెప్పిన భాగం చదివి వినిపించు.