గర్భానికి ముందు బరువు, గర్భంలో బీపీ

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 29. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. ఇంకా గర్భం రాలేదు, ఈ ఏడాది ప్రయత్నిద్దామనుకుంటున్నాం. మా అక్కకు తొలి కాన్పులో ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగే జబ్బు) వచ్చి, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నా బరువు వల్ల నాకూ వస్తుందా? బరువు తగ్గేదాకా ఆగాలా?

జవాబు: తప్పక వస్తుందని భయపడకండి. మీలాంటి బరువున్న వారిలో ఎక్కువ మందికి ఇది రాదు. అయితే ముప్పు మాత్రం సాధారణ బరువున్న వారికంటే ఎక్కువే. మీ బిఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత) సుమారు 32. గర్భానికి ముందు బిఎంఐ 5 నుంచి 7 పాయింట్లు పెరిగినప్పుడల్లా ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అధిక కొవ్వు వల్ల ఒంట్లో పైకి కనిపించని కొద్దిపాటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) నెలకొని, ఇన్సులిన్ సరిగా పనిచేయక, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. మాయకు రక్తం సరఫరా చేసే నాళాలు సరిగా విచ్చుకోకపోతే, ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90కి చేరడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతాయి.

బరువు తగ్గడానికి సరైన సమయం ఇదే. పది కిలోలు తగ్గితే మీ బిఎంఐ 28కి వస్తుంది. అంత తగ్గలేకపోయినా, తగ్గిన ప్రతి కిలో మేలే. వయసు మీకు అనుకూలంగా ఉంది కనుక కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు. గర్భం వచ్చాక మాత్రం తిండి మానేసి బరువు తగ్గించుకోవాలని చూడకండి, అది బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదు. బిఎంఐ 30 దాటినవారు గర్భంలో మొత్తం 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలు.

బిఎంఐ 30 దాటడం, తొలి కాన్పు కావడం, అక్కకు ఈ సమస్య ఉండటం, ఈ మూడూ కలిసినందున గర్భం నిర్ధారణ కాగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ గురించి మీ డాక్టరును అడగండి. పన్నెండో వారం తర్వాత, వీలైతే పదహారో వారంలోపే మొదలుపెడితే ముప్పు కొంత తగ్గుతుంది. సొంతంగా మాత్రం వేసుకోవద్దు. మరొక చిన్న సంగతి: చేయి లావుగా ఉన్నవారికి మామూలు పట్టీతో కొలిస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి పెద్ద పట్టీ వేయమని అడగండి.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ముఖం ఉన్నట్టుండి ఉబ్బడం కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కాన్పయ్యాక కూడా ఆరు వారాల వరకు ఈ జబ్బు రావచ్చు కనుక, ఇంటికి వచ్చిన తర్వాత ఈ లక్షణాలు కనిపించినా అలాగే చేయండి.