గేమింగ్, లైవ్ స్ట్రీమింగ్‌కు ఫైబరా, కేబులా?

గేమ్ ఆడుతూ లైవ్ ఇవ్వడానికి ఫైబర్ తీసుకోవాలా, కేబుల్ నెట్ సరిపోతుందా అని అడిగారు. రెండూ దొరికే చోట ఫైబరే తీసుకోండి.

అందరూ డౌన్‌లోడ్ స్పీడే చూస్తారు, కానీ లైవ్‌కు కావాల్సింది అప్‌లోడ్. గేమ్ లైవ్‌లు నడిచే ట్విచ్ సైట్‌లో 1080పీ క్వాలిటీ, సెకనుకు 60 ఫ్రేముల స్ట్రీమ్‌కు దాదాపు 6 ఎంబీపీఎస్ ఆగకుండా పైకి వెళ్తూ ఉండాలి. టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్‌లో అప్‌లోడ్‌కు కేటాయించిన ఫ్రీక్వెన్సీలు తక్కువ. వాటినే చుట్టుపక్కల ఇళ్లన్నీ పంచుకోవాలి. అందుకే రాత్రి అందరూ నెట్ వాడే వేళకు పింగ్, అంటే మన సిగ్నల్ గేమ్ సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఎగిరిపడుతుంది. ఫైబర్‌లో ఈ ఇబ్బంది తక్కువ. ఆటలో 40 మిల్లీసెకన్ల పింగ్ నిలకడగా ఉంటే ఇబ్బంది లేదు. 20కీ 150కీ మధ్య ఊగితేనే అసలు టెన్షన్.

మన దగ్గర ఫైబర్ అని చెప్పి అమ్మినా కొన్నిచోట్ల అది అపార్ట్‌మెంట్ దాకానే వస్తుంది, అక్కడి నుంచి ఫ్లాట్‌కు మామూలు లాన్ వైరు. ఫైబర్ ఇంట్లోకే వస్తుందా, అప్‌లోడ్ స్పీడ్ ఎంత అని డబ్బు కట్టే ముందే అడగండి. ఏది తీసుకున్నా గేమింగ్ పీసీకి వైఫై వద్దు, రౌటర్ నుంచి నేరుగా వైరు పెట్టండి.