ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు మనసు విప్పితే ఒరిగేదేమిటి?

ప్రశ్న అడిగిన సోదరి సందేహం ఇది: కౌన్సెలర్ గ్రూప్ థెరపీలో (థెరపిస్టు సమక్షంలో కొందరు కలిసి కూర్చుని తమ బాధలు మాట్లాడుకునే చికిత్సలో) చేరమన్నారు, కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు ఇంటి సంగతులు చెప్పుకోవడం ఎలా, చెప్పుకున్నా ఒరిగేదేమిటి? హైదరాబాదు తార్నాకలో దాదాపు ఎనిమిది నెలలు అలాంటి ఒక గ్రూపుకు వెళ్లినవాణ్ణి కాబట్టి సమాధానం రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, అకౌంట్స్ చూసుకునే ఉద్యోగిని.

మా నాన్నగారు రెండేళ్లు మంచాన ఉండి పోయారు. ఆ తర్వాత నాకు నిద్ర కరువైంది, అయినదానికీ కానిదానికీ కోపం వచ్చేది, మా అమ్మాయి నాతో మాట్లాడటం దాదాపు మానేసింది. నాలుగైదు సిట్టింగుల తర్వాత మా సైకాలజిస్టు గ్రూపు సంగతి ఎత్తినప్పుడు మీకు కలిగిన సంకోచమే నాకూ కలిగింది. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని వింటూ పెరిగినవాళ్లం. పైగా మానసిక వైద్యశాల ఉన్న పాపానికి 'ఎర్రగడ్డ' అన్న ఊరి పేరునే వెక్కిరింతగా వాడే నగరం మనది. అందుకే మొదటి నెలంతా ఇంట్లో వాకింగుకని చెప్పి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకింగుకు బయలుదేరే మనిషిని మా ఆవిడ ఎన్ని వారాలు నమ్మిందో ఇప్పటికీ అడగలేదు.

ఈ పద్ధతి మొదలైంది మానసిక రోగులతో కాదని తెలిశాక నా బెరుకు కొంత తగ్గింది. 1905లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు, శానటోరియంలో చేరే స్తోమత లేని క్షయ రోగులను వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పేవాడు; తను చెప్పే పాఠంతో పాటు, వాళ్లు ఒకరినొకరు చూసుకుని తెచ్చుకునే ధైర్యం కూడా పనిచేస్తోందని ఆయన గమనించాడు. మన ఛాతీ ఆసుపత్రి కూడా ఎర్రగడ్డలోనే ఉండటం కాకతాళీయమే అయినా, నాకు అప్పట్లో అదొక ఊరటగా తోచింది.

మా గ్రూపులో ఏడుగురం, థెరపిస్టుతో ఎనిమిది మంది. వారానికి గంటన్నర, గుండ్రంగా వేసిన కుర్చీలు. మొదటి రోజే ఆవిడ ఒక నియమం పెట్టారు: అంకుల్, ఆంటీ, అన్నా, అక్కా అనే పిలుపులు ఉండకూడదు, ఎవరినైనా పేరుకు 'గారు' చేర్చి పిలవాలి. ఇదేం ఛాదస్తం అనుకున్నాను. కానీ వరసతో పిలిచిన క్షణం నుంచీ మనం ఆ వరసకు తగ్గట్టే ప్రవర్తిస్తాం. పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రవాడు నన్ను 'అంకుల్' అంటే నేను వెంటనే సలహాలిచ్చే పెద్దమనిషినైపోతాను. ఆ పిలుపు లేకపోయినా నేను అదే పని చేశానన్నది వేరే సంగతి.

ఆరో వారమో ఏడో వారమో, రిటైరైన టీచరు గారొకరు అమెరికాలో ఉన్న కొడుకు ఆదివారం ఫోన్ చేసి నాలుగు నిమిషాల్లో పెట్టేస్తాడని చెప్పారు. వీడియో కాల్ ఏ వేళకు పెట్టుకుంటే అక్కడ తీరిక ఉంటుందో నేను గడియారం లెక్కలతో సహా వివరించాను. ఆవిడ మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ అంతా విని, "మీరు చెప్పింది బాగానే ఉందండి, కానీ నేను సలహా అడగలేదు. దిగులుగా ఉందిరా అంటే మావాడూ ఇంతే, విటమిన్ మాత్రల పేర్లు చెబుతాడు" అన్నారు. నా చెవులు వేడెక్కాయి. థెరపిస్టు నన్ను ఆదుకోలేదు సరికదా, మిగతావాళ్లకు ఏమనిపించిందో చెప్పమన్నారు. "మీరు సలహా చెప్పేటప్పుడు మావైపు చూడరండీ, గోడవైపు చూస్తారు" అన్నాడు ఆ కుర్రవాడు. ప్రవేశ పరీక్ష పోయి మా అమ్మాయి ఏడుస్తున్న రాత్రి నేను కంప్యూటరు ముందు కూర్చుని దానికి టైంటేబుల్ తయారుచేసిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

నా దృష్టిలో గ్రూపు వల్ల కలిగే అసలు లాభం ఇదే. ఒంటరి కౌన్సెలింగులో మన గురించి మనం చెప్పే కథే థెరపిస్టుకు ఆధారం, అందులో నేనెప్పుడూ బాధ్యత గల తండ్రినే. గ్రూపులో మాత్రం మన తీరు అక్కడే, అందరి కళ్లెదుటే బయటపడుతుంది.

రెండో లాభం నేను ఊహించనిది. నాన్నగారు పోయిన తెల్లవారుజామున దుఃఖం కంటే ముందు నాకు హాయిగా అనిపించింది, ఆ మాట అంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఒకరోజు అది నోరు జారింది. పాతబస్తీ నుంచి వచ్చే, బట్టలు కుట్టే ఒకావిడ, అత్తగారికి మూడేళ్లు సేవ చేశాక తనకూ అంతే అయిందనీ, భర్త పోయాక ముస్లిం స్త్రీలు గడువు ప్రకారం పాటించే ఇద్దత్ లాగా దానికీ ఒక గడువు ఉంటే బాగుండునని అనుకుందనీ ఉర్దూలో చెప్పింది. అమెరికన్ మానసిక వైద్యుడు ఇర్విన్ యాలమ్ గ్రూపులో మేలు చేసే పదకొండు అంశాలను గుర్తించాడు. 'ఇది నా ఒక్కడి బాధ కాదు' అని తెలియడం వాటిలో ఒకటి. చదివితే సాదాగా ఉండే ఆ మాట, ఆవిడ నోటి నుంచి వినేసరికి నాకు గొంతు పెగల్లేదు.

ఇక మీ భయం గురించి. గోప్యత విషయంలో థెరపిస్టు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టానికి కట్టుబడి ఉండాలి, కానీ తోటి సభ్యులను ఆపేది ఇచ్చిన మాట మాత్రమే, దీన్ని దాచి చెప్పడం మంచిది కాదు. ఒకసారి మా కాలనీ మనిషే కొత్తగా చేరబోతే, థెరపిస్టు ముందుగానే విడివిడిగా అడిగి ఆయనను వేరే గ్రూపులో చేర్చారు. చేరేముందు జరిగే ముఖాముఖిలో ఇలాంటి సందర్భంలో ఏం చేస్తారో అడగండి. నడిపేవారికి, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉందో లేదో కూడా అడగండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం గ్రూపు సంగతి తర్వాత. ముందు వైద్యుణ్ణి కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మా అమ్మాయి మొన్న ఆఫీసు గొడవేదో చెబుతుంటే ఇరవై నిమిషాలు ఊరికే విన్నాను. "ఒంట్లో బాగాలేదా నాన్నా?" అని అడిగింది.