ఉంగరాన్ని లాకరులో పెట్టవద్దు

చిరంజీవి సాహితికి,

బాబాయి ఆశీస్సులు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 90 క్రెడిట్లు పూర్తయ్యాయనీ, అక్కడి విద్యార్థులు వేలికి పెట్టుకునే ఆగీ ఉంగరానికి ఆర్డరు పెట్టబోతున్నావనీ తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పది క్యారట్ల బంగారం కూడా ఒక బంగారమేనా అని మీ అమ్మ అడిగిందని రాశావు. మన ఇళ్లలో ఇరవై రెండు క్యారట్లకు తక్కువైతే నగగా లెక్క వేయరు కాబట్టి ఆమె మాటలో తప్పు లేదు. కానీ ఇది పెట్టెలో దాచుకుని పెళ్లిళ్లకు తీసే నగ కాదు. రోజూ చేతికి ఉండాల్సినది. మెత్తటి బంగారమైతే దాని మీది సన్నని చెక్కడం త్వరగా చెరిగిపోతుంది. రాయి పొదిగించాలన్న ఆలోచన కూడా మానుకోమని నా సలహా. 1889లో మొదలైన ఆ ఉంగరానికి 1894లో ఏర్పడిన రూపమే ఆధారంగా ఉంది. 1963లో కళాశాల విశ్వవిద్యాలయమైనప్పుడు దాని మీద పేరు మారింది. పక్కన ఉన్న నక్షత్రాన్ని ఒకసారి దగ్గరగా చూడు. దాని చుట్టూ ఒకవైపు శాంతికి గుర్తుగా ఆలివ్ ఆకులు, మరోవైపు పోరాడే బలానికి గుర్తుగా ఓక్ ఆకులు ఉంటాయి; ఆ రెండింటినీ అడుగున ఒక రిబ్బను కలిపి కడుతుంది. నాకు ఆ ఉంగరంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చిన్న ముడి.

చదువు పూర్తయ్యే దాకా ఉంగరం మీది నీ బ్యాచ్ సంవత్సరపు అంకెలు నీకు కనబడేలా పెట్టుకోవాలి, పట్టా చేతికొచ్చాక ఎదుటివారికి కనబడేలా తిప్పుకోవాలి. ఆ నియమాన్ని తేలికగా తీసుకోకు.

ఇక నా పొరపాటు చెబుతాను. 1991లో ఎమ్మెస్ పూర్తి చేసుకుని ఇంటికి వచ్చినప్పుడు, ఎక్కడ పోగొట్టుకుంటానోనని మీ నానమ్మ ఆ ఉంగరాన్ని తన గాజులతో పాటు బ్యాంకు లాకరులో పెట్టింది, నేనూ కాదనలేదు. తొమ్మిదేళ్లు అది చీకట్లోనే ఉంది. హ్యూస్టన్‌లో ఉద్యోగంలో ఉండగా ఒక పెద్దాయన కరచాలనం చేశాడు. ఆయన ఉంగరం మీది గద్ద రెక్కలు అరిగి నున్నగా అయిపోయి, అంకెలు తడిమితే గాని తెలియకుండా ఉన్నాయి. నేనూ అక్కడే చదివానని చెప్పగానే ఆయన చూపు నా వేలి మీదికి వెళ్లింది. ఆ బోసి వేలు చూసుకుని నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. తరువాతి సెలవులకే వెళ్లి తెచ్చుకున్నాను, మళ్లీ తీయలేదు.

ఆర్డరు ఇచ్చే ముందు వేలి కొలత సాయంత్రం పూట తీయించుకో. ఎండకు వేళ్లు కాస్త ఉబ్బుతాయి, పైగా ఉంగరం వెడల్పైనది కాబట్టి బిగుతుగా అనిపిస్తుంది. లోపలివైపు చెక్కే పేరులో ఒక్కొక్క అక్షరమూ సరిచూసుకో, ఇంటి పేరు కుదించకు. పోయిన ఉంగరం ఎవరికైనా దొరికితే, ఆ పేరును బట్టే పూర్వ విద్యార్థుల సంఘం దానిని సొంతదారుకు చేరుస్తుంది.

ఉంగరాలు చేతికి అందించే రింగ్ డే తేదీ తెలియగానే ఫోను చెయ్యి. ఆ సంఘం భవనం ముందున్న పెద్ద ఉంగరం దగ్గర, మీ అమ్మానాన్నలతో పాటు నేనూ నిలబడి ఉంటాను.

ఇట్లు,
మీ బాబాయి