అనపగింజ దగ్గర మొదలుపెట్టు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నువ్వు పంపిన 'మన సంస్కృతి' వ్యాసం రెండుసార్లు చదివాను. భాష, మతం, ఆచారాలు, కళలు, తిండి, బట్టలు అని ఒక్కోదానికి ఒక్కో పేరా ఇచ్చావు. తప్పులేమీ లేవు. కానీ చదువుతున్నంతసేపూ అందులో నాకు ఒక్క మనిషీ కనిపించలేదు. ఆ సంగతి నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

సంస్కృతి అంటే ఏమిటో తేల్చడం పండితులకే కష్టమైంది. జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం, ఇంకా మనిషి నలుగురిలో ఉంటూ నేర్చుకున్నవన్నీ కలిస్తే సంస్కృతి అని 1871లో ఇంగ్లండు పరిశోధకుడు ఎడ్వర్డ్ టైలర్ చెప్పాడు. 1952లో క్రోబర్, క్లక్‌హాన్ అనే అమెరికన్లు ఇద్దరు అప్పటిదాకా వచ్చిన నిర్వచనాలను పోగుచేస్తే 164 తేలాయి. అవన్నీ నీకు అక్కర్లేదు. 'నేర్చుకున్నవి' అన్న మాట ఒక్కటి పట్టుకో. ఆకలి పుట్టుకతోనే వస్తుంది. సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకోవడం మాత్రం పక్కనవాళ్లను చూసి వస్తుంది. ఆ నేర్చుకోవడం ఎక్కడ జరుగుతోందో, అక్కడికి వెళ్లి కూర్చోవాలి నువ్వు.

పితికిపప్పు గురించి 'మా ప్రాంతపు ప్రత్యేక వంటకం' అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు బాధేసింది. సంక్రాంతి రోజుల్లో మన చిత్తూరు ఇళ్లల్లో ఏం జరుగుతుందో నీకు తెలియనిదా? అనపకాయలు ఒలిచి, గింజల్ని రాత్రి నానేస్తారు. పొద్దున ఒక్కో గింజనీ వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలోకి జారుతుంది. పితికితే వచ్చేది కాబట్టి పితికిపప్పు. పనిలోంచే పేరు పుట్టింది చూడు. ఒక్కరి వల్ల తెమిలే పని కాదది. అవ్వ, అత్త, పక్కింటి పిన్ని, పిల్లలు అందరూ చేరతారు. ఎవరి పెళ్లి కుదిరింది, ఎవరి ఆవు ఈనింది, ఎవరింట్లో అన్నదమ్ములు వేరుపడ్డారు, అన్నీ ఆ గిన్నె చుట్టూనే వస్తాయి. ఏ మాట పెద్దవాళ్ల ముందు అనకూడదో, మామను ఎట్లా పిలవాలో పిల్లలకు అక్కడే తెలుస్తుంది. నువ్వు ఆరు పేరాల్లో విడగొట్టిందంతా ఆ గిన్నె దగ్గరే ఉంది. అక్కడ కూర్చోనిది ఎవరో కూడా చూడు. మగవాళ్లు ఎందుకు లేరు? ఏ ఇంటివాళ్లను పిలవలేదు? రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాయాలి. అది వదిలేస్తే మిగిలినదంతా పొగడ్త అయిపోతుంది.

గుర్తుల సంగతీ అంతే. తిరుపతిలో బోడిగుండుతో మనిషి ఎదురైతే కొండ మీద మొక్కు తీర్చుకుని వచ్చాడనుకుంటాం. అదే మనిషి తన ఊళ్లో బస్సు దిగితే, సంగతి తెలియనివాళ్లు ఇంట్లో ఎవరైనా పోయారా అని కంగారుపడతారు. గుండు అదే, ఊరు మారితే అర్థం మారింది.

ఇక కట్టుబాట్లు. వాటిని మామూలు రోజుల్లో పట్టుకోవడం కష్టం, గాలిలాగా ఉంటాయి. అందుకే మన తిరుపతి గ్రామదేవత గంగమ్మకు చేసే గంగజాతర చూడమంటాను. చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదంటారు. ఏ చట్టంలోనూ లేని మాట అది, అయినా ఎన్నో ఇళ్లల్లో పాటిస్తారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి కడతారు. ఆడవాళ్లను చెరిచే పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికిందనీ, దొర వేషంలో ఉండగా వాడు చిక్కాడనీ కథ. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోరు. ఏడాదంతా నోరు కట్టేసే నియమం ఆ కొన్నాళ్లు సడలుతుంది. అప్పుడే ఆ నియమం ఎంత బలమైనదో కంటికి కనిపిస్తుంది.

చిన్న వయసులో నేను ఆ జాతర మీద ఒక కథ రాశాను. సభ్యంగా ఉండాలని తిట్లన్నీ తీసేశాను. మా వీధిలో ఏటా వేషం కట్టే పెద్దాయనకు చదివి వినిపిస్తే, "ఇందులో అమ్మ ఏదబ్బయా?" అన్నాడు. ఆ కథను నేను మళ్లీ ఎక్కడా ప్రచురించలేదు.

అదే గంగమ్మకు జాతరప్పుడు తిరుమల నుంచి సారె వస్తుంది. చెల్లెలికి అన్న వెంకన్న పంపే పుట్టింటి సారె. దేవుళ్లకు కూడా మనం వరసలు కలుపుకుంటాం. మనవాళ్లకు బంధుత్వం ఎంత ముఖ్యమో చెప్పడానికి నువ్వు పేజీన్నర ఖర్చుపెట్టావు. ఆ సారె బుట్ట వెంట నాలుగడుగులు నడిచి ఉంటే సరిపోయేది.

నమ్మకాల గురించి రాసేటప్పుడు తొందరపడకు. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జున తపస్సు రోజున, అర్జునుడి వేషగాడు మాను ఎక్కి పైనుంచి విసిరే నిమ్మకాయల కోసం పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు. మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేయకు, గొప్ప సంప్రదాయం అని మెచ్చుకోనూ వద్దు. పిల్లలు లేరని ఆమె ఇంట్లో, వీధిలో ఏమేం మాటలు పడిందో ముందు తెలుసుకో.

ఈ సంక్రాంతికి ఊరికి వెళ్తున్నానన్నావు. వెళ్లగానే మీ అవ్వ పక్కన కూర్చుని అనపగింజలు పితుకు. నోటుబుక్కు, ఫోను లోపల పెట్టేయి. మొదట్లో గింజలు చితుకుతాయి, అవ్వ కసురుతుంది, పడు. ఆ కసిరిన మాటను ఆమె యాసలోనే, ఒక్క అక్షరం మార్చకుండా రాసి నాకు పంపు. వ్యాసం సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఉంటాను.